పెద్దబాపు కంప్యూటర్ ఆగకుండా చేసిన కథ

ఆ రోజుల్లో కంప్యూటర్ కొన్నవాళ్లు దాన్ని వాడుకోవడం కన్నా కాపాడుకోవడానికే ఎక్కువ శ్రమపడేవాళ్లు. మానిటర్‌కు ఒక ముసుగు, కీబోర్డుకు ఒక ముసుగు, పక్కన నిలబెట్టిన డబ్బాకు ఇంకో ముసుగు (ఆ డబ్బానే అందరం సీపీయూ అనేవాళ్లం, ఇప్పటికీ అంటున్నాం). దాని గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడవాలి. పిల్లలు ముట్టుకోకూడదు, తడి చేతులతో పెద్దవాళ్లూ ముట్టుకోకూడదు. ఉరుము ఉరిమితే ఆరేసిన బట్టల సంగతి తర్వాత, ముందు ప్లగ్గు పీకాలి. ఇంతటి మర్యాదలు అందుకునే వస్తువు ఒకరోజు ఉన్నట్టుండి మూగబోతే ఆ ఇంటివాళ్లు పడే కంగారు ఇప్పటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. అలాంటప్పుడు ఆ డబ్బా మరలు విప్పి లోపలికి తొంగిచూడగలిగిన మనిషి వస్తే కుర్చీ వేసేవాళ్లు, ఫ్యాను తిప్పేవాళ్లు, చాయ్ ఇచ్చేవాళ్లు. అతడు తల ఊపితే సంతోషించేవాళ్లు, పెదవి విరిస్తే దిగులుపడేవాళ్లు. చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాల్లో కొంతకాలం పాటు ఆ మనిషిని నేను. నాకు ఆ పని పూర్తిగా రాదన్న సంగతి చాలామందికి తెలియదు. నాకైతే అసలే తెలియదు.

డిగ్రీ పూర్తి చేసి, ఏం చేయాలో తోచక ఇంట్లో వాళ్లందరి కాళ్లకూ అడ్డం పడుతుంటే మా బాపు నన్ను నారాయణగూడలో ఒక మిఠాయి దుకాణం పైనున్న హార్డ్‌వేర్ కోర్సులో చేర్పించాడు. అక్కడ మాకు పాఠం చెప్పిన సారు ఎక్కువ మాటలు మాట్లాడేవాడు కాదు. ఆయన చెప్పిన విద్యంతా కలిపితే ఇంతే: ముందు దుమ్ము దులపాలి. అప్పటికీ నడవకపోతే ర్యామ్ పీకి, దాని బంగారు పళ్లను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాలి. అప్పటికీ నడవకపోతే మొహం గంభీరంగా పెట్టి మదర్‌బోర్డు పోయిందని చెప్పాలి. కింద జిలేబీలు వేసే వాసన వస్తుంటే పైన మేము కాలిపోయిన బోర్డుల వాసన పీలుస్తూ ఈ విద్య నేర్చుకున్నాం. ఈనాటికీ జిలేబీ చూస్తే నాకు టంకం వేడి చేయాలనిపిస్తుంది.

కోర్సు అవగానే అశోక్‌నగర్‌లో ఒక రిపేరు షాపులో పని దొరికింది. కోచింగ్ సెంటర్ల మధ్య, జిరాక్సు షాపుల మధ్య, ఒక మనిషి పక్కకు తిరిగితే గాని పట్టనంత షాపు అది. దాని యజమానికి తల్లిదండ్రులు రాముడి పేరే పెట్టారు గాని, ఊళ్లో అందరూ ‘ర్యామన్న’ అనేవాళ్లు. ఏ జబ్బుతో వచ్చిన కంప్యూటర్‌కైనా ఆయన మందు ఒకటే. స్లో అయిందన్నా, చప్పుడు చేస్తోందన్నా, మౌసు కదలడం లేదన్నా, “ర్యామ్ ఎయ్ తమ్మీ, సక్కగయితది” అనేవాడు. చిత్రమేమిటంటే చాలాసార్లు సక్కగ అయ్యేది కూడా. ఎందుకైందో ఆయనా అడిగేవాడు కాదు, నేనూ అడిగేవాణ్ణి కాదు.

నా మొదటి స్వతంత్ర వైద్యం కాచిగూడలో ఒక లాడ్జి కౌంటర్ మీది కంప్యూటర్‌కు జరిగింది. దుమ్ము తుడుస్తూ తుడుస్తూ వెనకవైపు కరెంటు పెట్టెకున్న చిన్న ఎర్ర స్విచ్చిని కూడా తుడిచాను. అది పక్కకు జరిగింది. (మన దేశపు కరెంటుకు ఒకవైపు, వేరే దేశాల తక్కువ కరెంటుకు ఇంకోవైపు ఉండాల్సిన స్విచ్చి అదని తర్వాత తెలిసింది.) ప్లగ్గు పెట్టగానే దీపావళి చప్పుడొకటి వచ్చింది. పై అంతస్తు వాళ్లు తువ్వాళ్లతో కిందికి దిగారు. ర్యామన్న పరుగున వచ్చి, పొగ ఇంకా తేలుతుండగానే లాడ్జి మేనేజర్ భుజం మీద చెయ్యేసి, “ఏం పరేషాన్ గాకుండ్రి సార్, చాన రోజుల గ్యాస్ లోపల ఉండెను, ఎల్లిపోయింది, ఇగ మంచిగుంటది” అన్నాడు. మేనేజర్ ఆయనకు దండం పెట్టాడు. ఈ వృత్తిలో చేతుల కన్నా నోరు ముఖ్యమని నాకు ఆరోజు తెలిసింది.

ఇక అసలు విషయం. మా బాపుకు అన్నగారైన పెద్దబాపు చిక్కడపల్లిలో మా ఇంటి కింది వాటాలోనే ఉండేవాడు. కరెంటాఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ముందునుంచీ ఉన్న జాతకాల పిచ్చికి పూర్తి సమయం కేటాయించాడు. మూతబడుతున్న ఒక కోచింగ్ సెంటర్ నుంచి పాత కంప్యూటర్ ఒకటి కొని, దాంట్లో జాతకాల ప్రోగ్రాం వేయించి, వాకిట్లో ‘కంప్యూటర్ జాతకములు – వివాహ పొంతనలు’ అని బోర్డు పెట్టాడు. అబ్బాయి, అమ్మాయి పుట్టిన వివరాలు కొడితే ఆ యంత్రం చాలాసేపు గురగురలాడి గుణాలు ఎన్ని కలిశాయో చెప్పేది. పెద్దబాపు వాటిని చదివి వినిపించేవాడు. మొదట్లో ఏదో కాలక్షేపంగా సాగింది. తర్వాత అడిక్‌మెట్ వాళ్ల సంబంధం వచ్చింది.

అడిక్‌మెట్ నుంచి అమ్మాయి తరఫు వాళ్లు, నానమ్మతో సహా వచ్చి కూర్చున్నారు. అబ్బాయికి బొంబాయిలో పెద్ద ఉద్యోగమట. వాళ్లలో వాళ్లకే ఏదో అనుమానం ఉండి, అది అడుగుతూ, ఇది అడుగుతూ, ఒకరినొకరు కోప్పడుతూ చాలాసేపు కూర్చున్నారు. లెక్క సగంలో ఉండగా కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. పెద్దబాపు మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆరిపోయింది. నానమ్మ చెంగు సర్దుకుని లేచింది. “అది ఒద్దంటున్నది, మనం ఇంకేం ఒర్రుడు, లేవుండ్రి” అంది. లేచిపోయారు. తర్వాత కొద్దిరోజులకే తేలిందేమిటంటే బొంబాయి ఉద్యోగమన్న ఆ పిల్లగాడు కాచిగూడ స్టేషను దాటి ఎన్నడూ పోలేదు. అంతే. నల్లకుంట నుంచి, కాచిగూడ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో జనం రావడం మొదలుపెట్టారు. గుణాలు ఎన్ని కలిశాయని ఎవరూ అడగడం లేదు. బయటికి వచ్చినవాళ్లను అరుగు మీద కూర్చున్నవాళ్లు “ఆగిందా?” అని అడిగేవాళ్లు. “ఆగలే” అంటే, “అయితే ఖాయం చేసుకోండ్రి” అనేవాళ్లు. పెద్దబాపుకు మిషన్ సారు అని పేరు పడింది. యంత్రానికి ఏదో మహిమ ఉందని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు. లేదని కూడా అనలేదు. అది ఆరిపోయినప్పుడు కళ్లద్దాలు తీసి, ఒక్క క్షణం కళ్లు మూసుకునేవాడు. అది చాలు. మా పెద్దమ్మ మాత్రం దాని స్విచ్చికి కుంకుమబొట్టు పెట్టి, శుక్రవారం శుక్రవారం ఊదుబత్తి వెలిగించేది.

ఇలా సాగుతుండగా ఎండాకాలం వచ్చింది. పెళ్లిళ్ల కాలం. కంప్యూటర్ అందరికీ ఆగడం మొదలుపెట్టింది. వంకలున్న సంబంధాలకు ఆగింది, వంకలేని సంబంధాలకు ఆగింది, అప్పటికే పెళ్లి కార్డులు పంచేసి ఊరికే ఒకసారి చూపించుకుందామని వచ్చిన వాళ్లకు కూడా ఆగింది (వాళ్లు ఏడ్చారు). ఒకరోజు మధ్యాహ్నం పెద్దబాపు నన్ను కిందికి పిలిపించాడు. మనిషి నిజంగా దిగులుగా ఉన్నాడు.

“ఏందిరా ఇది? ఇన్నొద్దులు మంచి సంబంధాలకు నడిచింది, వంకర సంబంధాలకు ఆగింది. ఇప్పుడేమో పొద్దున లేస్తె అందరికీ ఆగుడే. ఈ ఊర్ల ఇగ ఒక్క పెళ్లన్న అయితదా, కాదా?”

“అట్లేం లేదు పెద్దబాపూ. మిషన్ ఖరాబైంది.”

“ఖరాబైంది ఇప్పుడు కదా. మరి మొన్నటి దాక సక్కగ ఎట్ల చెప్పింది?”

దానికి మా సారు పాఠంలో జవాబు లేదు. నేను గంభీరంగా మొహం పెట్టాను. పెద్దబాపు దాన్ని జవాబుగానే తీసుకున్నాడు. “సరే, ఆదివారం మీ అక్కను చూడనీకి నల్లకుంట నుంచి వస్తున్నరు. మంచి సంబంధం. గప్పటికల్ల దీన్ని సక్కగ చెయ్. ఏమేం గావాల్నో అన్ని తీస్కరా” అన్నాడు.

అక్క అంటే పెద్దబాపు ఒక్కగానొక్క కూతురు. అప్పుడు గ్రూప్స్ పరీక్షకు చదువుకుంటోంది. మొదటి పరీక్ష గట్టెక్కి, మెయిన్స్ రాయబోతోంది. పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోయి, తనకు నచ్చిన కిటికీ పక్క కుర్చీ పట్టుకుని, సాయంత్రం తిరిగొచ్చి మళ్లీ పుస్తకం తీసేది. అంతకుముందు కూడా తనకు సంబంధాలు వచ్చాయి. యంత్రం ఆగింది. ఆగినప్పుడల్లా అక్క “అయ్యో పాపం” అని, ఎవరికి పాపమో చెప్పకుండా, మళ్లీ చదువుకోవడానికి వెళ్లిపోయేది. అది నేను గమనించాను. గమనించి ఏమీ ఆలోచించలేదు. ఆ వయసులో నేను మనుషుల లోపలికి చూసేవాణ్ణి కాదు, డబ్బాల లోపలికే చూసేవాణ్ణి.

శనివారం ఆ డబ్బా విప్పాను. లోపల మదర్‌బోర్డు కనిపించలేదు. దుమ్ము ఒక గొంగడిలా పరుచుకుని ఉంది. దాని మీద ఊదుబత్తి బూడిద, ఎండిపోయిన మల్లెపూలు, అక్షింతలు, రెండు బల్లి గుడ్ల పెంకులు. కుంకుమ స్విచ్చి సందులోంచి లోపలికి జారి అక్కడక్కడా ఎర్రగా మెరుస్తోంది. ప్రాసెసర్ మీద తిరగాల్సిన చిన్న ఫ్యాను, రెక్కల్లో ఒక మల్లెతొడిమె ఇరుక్కుని, ఎప్పటినుంచో కదలకుండా నిలబడి ఉంది. నేను ఆర్కిమెడిస్ అంత సంతోషపడ్డాను. పక్కనే పుస్తకం పట్టుకుని నిలబడ్డ అక్కకు పాఠం చెప్పాను.

“ఇదీ సంగతి అక్కా. గాలి ఆడక వేడెక్కుతది. బాగా వేడెక్కితే తన్ను తాను కాపాడుకోనీకి ఆరిపోతది. ఎక్కువసేపు నడిపిస్తే ఆగుతది. గంతే, ఇందుల మహిమేం లేదు.”

అక్క పుస్తకం మూసింది. “అంటే, వచ్చినోళ్లు జల్ది ఒప్పుకుంటె ఆగదు. కొట్లాడుకుంట, అనుమానపడుకుంట కూసుంటె ఆగుతది. అంతేనా?”

“అంతే.”

“మరి సక్కగనే చెప్తున్నది కదరా.”

ఆ మాట నాకు ఇప్పుడు వినిపించినంత గట్టిగా అప్పుడు వినిపించలేదు. నేను మల్లెతొడిమెను పట్టుకారుతో తీసే పనిలో ఉన్నాను. అక్క ఇంకాస్త దగ్గరికి వచ్చి, “ఇది సోమవారం చెయ్యరాదుర? అంత తొందరేముంది?” అంది. “పెద్దబాపు ఆదివారానికి గావాలన్నడు” అన్నాను. “ఫ్యాన్ ఒక్కటి ఒదిలెయ్, మిగిలినయి చెయ్” అంది. వృత్తిపరంగా నాకు అది చాలా అవమానకరంగా తోచింది. “అక్కా, నీకు తెల్వదు, నువ్వు పోయి సదువుకో” అన్నాను. మెయిన్స్ రాయబోతున్న మనిషితో.

దుమ్మంతా బ్రష్షుతో దులిపాను. (పెద్దమ్మ ఆ దుమ్మును పారేయనివ్వలేదు, పొట్లం కట్టి తులసికోటలో పోసింది.) కొత్త ఫ్యాను బిగించాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన, వేడిని లాగే తెల్లటి లేపనం గీకి, కొత్తది రాశాను. కరెంటు పెట్టె మార్చాను, ఎర్ర స్విచ్చి జోలికి పోలేదు. ర్యామన్న షాపు నుంచి ర్యామ్ తెచ్చి గుచ్చాను. స్విచ్చి వేయగానే యంత్రం ‘బీప్... బీప్... బీప్’ అని అరిచింది, తెర మీద ఏమీ రాలేదు. పెద్దమ్మ లోపలినుంచి పరుగెత్తుకొచ్చి, “ఏం చేసినవ్రా, ఏడుస్తున్నదది!” అంది. నేను ర్యామ్ పీకి రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చాను. ఏడుపు మానింది. తెర వెలిగింది. అదివరకు చాయ్ తాగేంతసేపు చేసే లెక్క ఇప్పుడు తుమ్మేలోపు చేసేస్తోంది. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా ర్యామన్న దగ్గర మూల పడున్న పాత యూపీఎస్ ఒకటి తెచ్చి, దానికి కంప్యూటర్‌ను, మానిటర్‌ను తగిలించాను. “ఇగ ఇది ఆగాలన్నా ఆగదు పెద్దబాపూ” అన్నాను. ఆయన నా భుజం తట్టాడు. అంత పెద్ద మెప్పు నేను అప్పటిదాకా ఎవరి దగ్గరా పొందలేదు. డిగ్రీ పాసైనప్పుడు కూడా ఆయన “పోనీలే” అని మాత్రమే అన్నాడు.

ఆదివారం నల్లకుంట వాళ్లు వచ్చారు. తండ్రులనాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. అబ్బాయి, అబ్బాయి తండ్రి, అబ్బాయి తల్లి. ముగ్గురిలో మాట్లాడేది తల్లి ఒక్కరే. అబ్బాయి ఏదో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడట, మంచివాడిలా ఉన్నాడు, వచ్చినప్పటినుంచీ గోడ మీది క్యాలెండర్ చదువుతున్నాడు. ఆవిడ గది అంతా చూసి, కంప్యూటర్‌ను చూసి చేతులు జోడించి, “మీ మిషన్ గురించి చాలా విన్నామండీ. మా వాడికి ఇదివరకు చూసినవన్నీ ఏదో ఒక వంకతో తప్పిపోయాయి. ఇక్కడ ఆగకపోతే మాకింకే అభ్యంతరమూ లేదండీ” అంది. పెద్దబాపు వివరాలు కొట్టాడు. లెక్క వచ్చేసింది. గుణాలు బాగానే కలిశాయి. అయినా ఎవరూ లేవలేదు, ఆగుతుందా లేదా చూడాలి కదా. అందరూ యంత్రం వైపు చూస్తూ కూర్చున్నారు.

వంటింట్లోంచి అక్క కాఫీ పంపింది. తర్వాత పకోడీలు పంపింది. తర్వాత, పుట్టిన సమయం సరిగ్గా కొట్టారో లేదో మళ్లీ చూడమని పెద్దమ్మతో చెప్పించింది. మళ్లీ కొట్టారు. మళ్లీ కాఫీ వచ్చింది. యంత్రం చల్లగా, హాయిగా, నిద్రపోయే పసిపిల్లలా మెల్లగా శబ్దం చేస్తోంది. అబ్బాయి తల్లి మాట్లాడుతూనే ఉంది. “అమ్మాయి ఏవో పరీక్షలకు చదువుతోందన్నారు. పెళ్లయ్యాక అవన్నీ ఎందుకు లెండి. మా ఇంట్లో ఆడపిల్లలు ఉద్యోగాలు చెయ్యాల్సిన అవసరం లేదండీ, హాయిగా ఉండొచ్చు” అంది. పెద్దబాపు తెర వైపు చూశాడు. నన్ను వంటింట్లోకి రమ్మని అక్క సైగ చేసింది.

“ఇంకెంతసేపు పడ్తదిరా?”

“దేనికక్కా?”

“ఆగనీకి!”

“ఆగదక్కా. పొద్దుగూకే దాక నడిపిచ్చినా ఆగదు. కొత్త ఫ్యాన్ కదా” అన్నాను, గర్వంగానే. అప్పుడు అక్క మొహం చూశాను. ఎప్పుడూ ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి, కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, గొంతు పైకి రాకుండా అంది: “బాపు నన్ను ఎన్నడన్న అడిగిండారా, నీకు ఇష్టమేనా అని? మిషన్ని అడుగుతడు. అది ఉన్నదన్న ధైర్యం తోటే నేను సదువుకుంటున్న. నాకున్నది గదొక్కటే. దాన్ని నువ్వు బాగుచేసినవ్.”

బాగుచేయడం అనే మాట అంత భయంకరంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. “ఆపెయ్యాల్నా?” అన్నాను. “ఆపెయ్” అంది. నేను ఎవరి కంటా పడకుండా బయటికి నడిచి, మెట్ల కింద మీటరు దగ్గరికి పోయి, మెయిన్ స్విచ్చి కిందికి లాగాను. ఇంట్లో ఫ్యాను ఆగిన చప్పుడు, ట్యూబులైటు ఆరిన చప్పుడు వినిపించాయి. వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

గదిలో తలుపులు, కిటికీలు ఎండకని మూసేసి ఉన్నాయి. అంతా చీకటి. ఆ చీకటి మధ్యలో కంప్యూటర్ ఒక్కటే వెలుగుతోంది. యూపీఎస్ సంగతి నేను మరచిపోయాను. తెర మీది నీలి వెలుగు అందరి మొహాల మీదా పడుతోంది. యూపీఎస్ ఆగి ఆగి ‘కుయ్... కుయ్’ అంటోంది. అబ్బాయి తల్లి లేచి నిలబడింది. “చూశారా! కరెంటు పోయినా ఆగలేదు! ఏవండీ, చూశారా?” అని భర్తను కుదిపింది. “ఇంతకన్నా ఏం కావాలండీ. ఇంక వేరే మాట లేదు, ముహూర్తం చూసెయ్యండి” అంది. పెద్దమ్మ యంత్రం ముందు సాష్టాంగపడటానికి చోటు కోసం కుర్చీలు జరుపుతోంది. నా జీవితంలో నేను చేసిన రిపేర్లలో అంత పక్కాగా పనిచేసింది మరొకటి లేదు.

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర అక్క గొంతు వినిపించింది.

“బాపూ, అది ఆగలే. కాని నేను ఆగుత. మెయిన్స్ రాసేదాక నాకు పెళ్లొద్దు. రాసినంక గూడ, నౌకరీ ఒద్దనేటోళ్ల ఇంటికి నేను పోను.”

యూపీఎస్ ‘కుయ్’ అంది. చేతిలో ఖాళీ కాఫీ గ్లాసుల పళ్లెం పట్టుకుని అక్క అలాగే నిలబడింది. పెద్దబాపు కూతురి వైపు చూశాడు. ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ యంత్రం వైపు తిరిగాడు. అది ఏం చెబుతుందోనని అందరమూ అటే చూశాం. సరిగ్గా అప్పుడు ర్యామన్న షాపు మూలలో ముసలిదైపోయిన ఆ యూపీఎస్ బ్యాటరీ ఒక పొడుగాటి కూత పెట్టి ప్రాణం విడిచింది. తెర ఆరిపోయింది. గది పూర్తిగా చీకటైంది.

ఆ చీకట్లో పెద్దబాపు కళ్లద్దాలు తీసిన చప్పుడు వినిపించింది. “ఆగింది” అన్నాడు. కాస్త ఆగి, “ఇగ మనం చేసేదేం లేదమ్మా” అన్నాడు అబ్బాయి తల్లితో, చాలా మర్యాదగా. ఆవిడకు కోపం తెచ్చుకోవడానికి మనిషెవరూ దొరకలేదు. యంత్రం మీద ఎంతని కోప్పడుతుంది, తనే చేతులు జోడించి వచ్చింది. “అంతేనండీ, మన చేతుల్లో ఏముంది” అంటూ చెప్పులు వెతుక్కుంది. క్యాలెండర్ చదివే అబ్బాయి చివరగా బయటికి వస్తూ నా దగ్గర ఆగాడు. మొహంలో దిగులేమీ లేదు, నిజానికి వచ్చినప్పటి కన్నా తేలిగ్గా ఉన్నాడు. “మీరే కదండీ దీన్ని బాగుచేసింది? మా ఇంట్లోది కూడా బాగా వేడెక్కిపోతోందండీ. ఒకసారి వచ్చి చూస్తారా?” అన్నాడు. వెళ్లి చూశాను. దాంట్లో కూడా ఫ్యానే.

వాళ్లు వెళ్లాక పెద్దబాపు నెమ్మదిగా లేచి, చెప్పులు వేసుకుని, మెట్ల కిందికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను. సందులో ఎదురింటి రేడియో మోగుతోంది, పక్కింటి కూలర్ తిరుగుతోంది. కరెంటు మా ఒక్క ఇంటికే పోయింది. జీవితమంతా కరెంటాఫీసులో గడిపిన మనిషి ఆ స్విచ్చి వైపు చూశాడు, నా వైపు చూశాడు, దాన్ని పైకి నెట్టాడు. ఇంట్లో ఫ్యాను తిరగడం మొదలైంది. “ఈ స్విచ్చి జర లూజున్నట్టున్నది. ఒక్కోపారి దానంతట అదే పడ్తది” అన్నాడు. నేను “అవును పెద్దబాపూ” అన్నాను. ఆయన మెట్టు మీద కూర్చుని, “నౌకరీ ఒద్దంటరని నాకేం తెలుసురా. తెలిస్తే నేనే ఒద్దంటుంటి” అన్నాడు. తెలియడానికి అడగాలి కదా అని నేను అనలేదు. ఆ మాట ఆయనకు ఆ మెట్టు మీదే తట్టిందని నాకనిపించింది. ఎందుకంటే లోపలికి వెళ్లి, చేతులు కడుక్కుని, “బిడ్డా, అన్నం తిన్నవా?” అని అక్కను అడిగాడు. ఆ ఇంట్లో అన్నం తిన్నావా అన్న ప్రశ్న ఎప్పుడూ ఆయనకు వేసేదే గాని, ఆయన వేసింది కాదు.

ఆ తర్వాత కంప్యూటర్ మళ్లీ ఆగలేదు. అందువల్ల జనం రావడం తగ్గింది. “ఇదివరకు నిజం చెప్తుండె, ఇప్పుడు అందరికీ మంచిదే చెప్తున్నది, మొహమాటం ఎక్కువైంది దానికి” అని అరుగు మీద అనుకునేవాళ్లు. నాకు కొంచెం బాధేసింది. పెద్దబాపు మాత్రం పట్టించుకోలేదు. వచ్చిన కొద్దిమందిని కూర్చోబెట్టి, యంత్రం పెట్టేముందు ఆడపిల్లను విడిగా పిలిచి, “నీకు ఇష్టమేనా అమ్మా?” అని అడిగేవాడు. కొందరు తల్లిదండ్రులకు అది నచ్చేది కాదు. లేచిపోయేవాళ్లు. ఆయన కళ్లద్దాలు తుడుచుకునేవాడు. అక్క మెయిన్స్ రాసింది. మొదటిసారి రాలేదు, రెండోసారి వచ్చింది. తర్వాత తన ఆఫీసులోనే పనిచేసే ఒకాయనను, జాతకం చూపించకుండా, చేసుకుంది. నేను కొన్నాళ్లకు ఆ పని వదిలి పెద్ద కంపెనీలో చేరాను. ఇప్పుడు నేను చూసుకునే కంప్యూటర్లు ఎక్కడో ఏ ఊళ్లోనో ఉంటాయి. వాటిని నేనెప్పుడూ చూడలేదు. ఆగిపోతే ఇక్కణ్ణుంచి ఒక బటన్ నొక్కుతాను, అవి లేస్తాయి. ఎవరూ కుర్చీ వెయ్యరు, చాయ్ ఇవ్వరు.

ఈమధ్య ఏదో పని మీద అటువైపు వెళ్లి, అక్కను చూద్దామని తన ఆఫీసుకు వెళ్లాను. ఇప్పుడు తను అందరూ లేచి నిలబడే అధికారి. తన బల్ల కింద పాత కంప్యూటర్ ఒకటి గుర్రుమంటూ కూర్చుని ఉంది. మనిషి వస్తాడని రోజూ అంటున్నారట, రావడం లేదట. “మా తమ్ముడున్నడు కదా” అంది అక్క, సిబ్బందితో. నేను ఇస్త్రీ ప్యాంటుతో బల్ల కింద మోకాళ్ల మీద కూర్చున్నాను. స్క్రూడ్రైవర్ లేకపోతే ఎవరో పోస్టల్ కవర్లు చించే కత్తి ఇచ్చారు. మూత తీసి, ఊపిరి బిగబట్టి, ఉఫ్ఫని ఊదాను. ఏళ్ల ప్రభుత్వ దుమ్ము మొహం మీదికి లేచింది. తుమ్ముతూ ర్యామ్ పీకి, అక్క పెన్సిలు రబ్బరు అడిగి తీసుకుని రుద్దాను. కంప్యూటర్ గురగుర మాని మెల్లగా నడిచింది. అటెండరు చాయ్ తెచ్చిచ్చాడు. ఆ చాయ్ నేను ఎంత మెల్లగా తాగానో చెబితే మీరు నవ్వుతారు.

ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే తలంతా తెల్లగా ఉంది. దుమ్మని తువ్వాలుతో దులుపుకున్నాను. చాలావరకు పోయింది. పోనిదాన్ని ఇంకాసేపు దులిపి చూసి, తర్వాత ఊరుకున్నాను.